గజయీతగానికి ఊపిరిగొట్టము వలయునా?



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మూరెడైనను పొడవు లేని యొక గొట్టమును గూర్చినది. వీపున గాలిసిలిండరు కట్టుకొని సముద్రగర్భమునకు దిగువారిని స్కూబా యీతగాండ్రందురు. నీటి పైభాగమున ముఖమును నీటిలో నుంచియే ఊపిరి పీల్చుటకు పనికివచ్చు గొట్టమును స్నార్కెలందురు. వీపున సిలిండరు గలవాడు ఈ గొట్టమును గూడ వెంట గొనిపోవలయునా, అక్కఱలేదా యనునది ప్రశ్న.

ముప్పదియైదేండ్లు పాఠశాలలో పిల్లలకు సంధులును సమాసములును చెప్పినవానికి సముద్రముతో నేమి పని యని మీరడుగవచ్చును. నా దౌహిత్రుడు విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచు, సెలవుదినములలో ఈ విద్య నేర్చినాడు. అతడును, అతని మిత్రుడును ఈ గొట్టమును గూర్చి మా యింటి అరుగుపై ఒక సాయంకాలమంతయు వాదులాడిరి. ఆ వాదము వినగా, ఇది సముద్రపు తగవే యైనను తీర్చు పద్ధతి మన శాస్త్రములలోనిదే యని నాకు తోచినది. పూర్వపక్షమును దాని బలమంతటితో చెప్పి, పిమ్మట సిద్ధాంతము చేయుట మన పెద్దల మార్గము. ఆ మార్గముననే నడచెదను.

ముందుగా వస్తుస్వరూపమును తెలిసికొందము. లోతునీట మునిగి తేలువానిని మన తెలుగునాట గజయీతగాడందురు. ఏనుగునకును ఈ గొట్టమునకును గల సంబంధమును యవనపండితుడైన అరిస్టాటిల్ క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున గుర్తించినాడు. జంతువుల అవయవములను గూర్చి తాను వ్రాసిన గ్రంథమున అతడు ఏనుగు తొండమును, నీట మునుగువారు పైనుండి గాలి పీల్చుటకు వాడు సాధనముతో పోల్చినాడు. కావున ఈ గొట్టము నిన్న మొన్న పుట్టినది కాదు. దాని పేరు మాత్రము క్రొత్తది. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు తమ జలాంతర్గాములు నీటిలో నుండగనే యంత్రములకు గాలి యందుటకై నిలిపిన గొట్టపు పేరే ఈతగాని గొట్టమునకు సంక్రమించినది.

గొట్టమున్నచో ఎంత లోతునకైనను పోవచ్చునుగదా, సిలిండరేల యని పిల్లలడుగుదురు. నీటిలో 1 మీటరు దిగినచో రొమ్ముపై చదరపు అడుగునకు సుమారు 93 కిలోగ్రాముల బరువు అదనముగ పడును. గొట్టములోని గాలి మాత్రము పైనున్న గాలి యొత్తిడితోనే యుండును. అంత బరువు నెత్తి రొమ్మును విప్పార్చి గాలి పీల్చుట మనుష్యుని కండరములకు అలవి గాదు. బలవంతమున పీల్చినచో ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళములకే హాని కలుగును. ఏనుగు మాత్రము దేహమంతయు నీట మునుగగా తొండము పైకెత్తి ఏఱు దాటును. ఇది దానికెట్లు సాధ్యమో జాన్ వెస్ట్ అను శరీరశాస్త్రజ్ఞుడు 2001లో వివరించినాడు. మనకు ఊపిరితిత్తులకును రొమ్ముగోడకును నడుమ పలుచని సందు కలదు. ఏనుగునకు ఆ సందున గట్టి కణజాలము నిండియుండుటచే రక్తనాళములు చిట్లవు. మనమట్టివారము కాము గనుక మన గొట్టము జానెడున్నర దాటరాదు.

లోతునకు పోగోరువానికి వేఱుపాయము కావలసివచ్చినది. భారతమున దుర్యోధనుడు ద్వైపాయనమను మడుగున జలస్తంభనము చేసి దాగెనని చదువుకొన్నాము. ఆ విద్య లేని మనకు 1943లో ఫ్రాన్సుదేశమున జాక్ కుస్తో, ఎమీల్ గన్యాన్ అను నిరువురు కలిసి యొక సాధనమును కల్పించిరి. రెగ్యులేటరను నాయంత్రము సిలిండరులోని గాలిని, ఆ లోతున నీటి యొత్తిడి యెంతయో అంత యొత్తిడితోనే నోటికందించును. రొమ్ము బయటి బరువును లోపలి గాలి సరితూచును. దీనితో మునుగువాడు పైనున్నవాని చేతి త్రాటినుండి విడివడి స్వతంత్రుడైనాడు.

ఇక పూర్వపక్షము. రెగ్యులేటరు వచ్చిన తరువాత గొట్టమేల యనువారు చెప్పు హేతువులు చులకనగా త్రోసివేయదగినవి కావు. మొదటిది, గొట్టము మాస్కుపట్టీకి ఎడమవైపున తగిలింపబడి తలప్రక్కన నిలుచును. నీటివడి బలముగానున్నచోట అది అదరుచు మాస్కును లాగును. మాస్కు కదలినచో నీరు చొచ్చును. రెండవది, అది త్రాళ్ళకును చేపలవలలకును తగులుకొనును. మునుగువాని మేన వ్రేలాడు ప్రతి వస్తువును వానికొక కొక్కెమువంటిది. మూడవది, భయము పుట్టినవేళ ఒక గొట్టమునకు బదులు మఱియొక గొట్టము నోటికి చేరవచ్చును. నాలుగవది, నేటి మునుగువాడు గాలి నింపుకొను చొక్కా ధరించును. నీటి పైకి వచ్చి ఆ చొక్కాను నింపుకొన్నచో వెలికిల పరుండి, కాళ్ళ రెక్కలాడించుచు ఒడ్డునకో పడవకో చేరవచ్చును. ముఖము ఆకాశమువైపు నుండగా గొట్టముతో పని యేమి? సంవత్సరములతరబడి మునుగుచున్నవారు పలువురు తమకు గొట్టముతో ఒక్కనాడును పని పడలేదందురు. అది వారి అనుభవము. అనుభవమును కాదనుట తర్కము కాదు.

రెండవ పక్షమువారు లెక్కతో మొదలుపెట్టుదురు. ఆ లెక్క మీరును చూడుడు. సామాన్యముగా వాడు సిలిండరు 11 లీటర్లది. అందు 200 వాతావరణముల యొత్తిడితో గాలి కూర్చినచో మన గాలితో సమానముగా 2,200 లీటర్లగును. మెల్లగా ఈదువాడు నీటిపై నిమిషమునకు సుమారు 20 లీటర్లు పీల్చుననుకొందము. 10 మీటర్ల లోతున అదే ఊపిరికి 40 లీటర్లును, 20 మీటర్ల లోతున 60 లీటర్లును వ్యయమగును. ఒకడు తీరమునుండి మునుగవలసిన తావునకు 15 నిమిషములు ఈది, ఆ కాలమంతయు సిలిండరుగాలినే పీల్చెనేని 300 లీటర్లు పోవును. అది 20 మీటర్ల లోతున 5 నిమిషముల గాలి. ఊరక దొరకు గాలి జానెడు పైన నుండగా, వెలపెట్టి కూర్చిన గాలిని నీటిపైననే వెచ్చించుట గృహస్థధర్మము గాదు.

తిరిగి వచ్చునప్పటి లెక్క మఱింత ముఖ్యమైనది. సిలిండరున 50 వాతావరణముల గాలి మిగులునట్లు పైకి రావలయునని సామాన్యనియమము. అది 550 లీటర్లు. సుఖముగా తేలియాడువానికి అది 27 నిమిషములు వచ్చును. ప్రవాహమున కెదురీదువాడు నిమిషమునకు 40 లీటర్లు పీల్చును గనుక 14 నిమిషములకే ముగియును. పిమ్మట రెగ్యులేటరు నోటనున్నను లేనట్లే.

వెలికిల పరుండుడనువారికి వీరిచ్చు సమాధానమొకటి కలదు. అలలు చిన్నవైనచో వెలికిల యీత సుఖమే. గాలి రేగి అలలు ఒకదానిపై నొకటి పడునపుడు తలవెనుకనుండి వచ్చు నీరు నోటను ముక్కునను పడును. వచ్చు అల కానరాదు గనుక ఊపిరి ఎప్పుడు బిగబట్టవలయునో తెలియదు. బోర్లపడి గొట్టముతో ఊపిరి పీల్చువానికి ఆ బాధ తక్కువ. గొట్టమున నీరు పడినను ఒక్క ఊదుతో వెడలగొట్టవచ్చును.

నా దౌహిత్రుడు చెప్పిన యొక యుదంతమును ఇచట మనవిచేసెదను. అతడును ఆ మిత్రుడును ఒకనాడు జంటగా మునిగి పైకి వచ్చునప్పటికి ప్రవాహము వారిని పడవకు దూరముగా నెట్టినది. పడవవారు మఱియొక జంటను ఎక్కించుకొనుచుండిరి. గాలి రేగినది. మావాని తలప్రక్కన గొట్టమున్నది. మిత్రుడు తనదానిని ఇంటనే విడిచి వచ్చినాడు. అరగంటకు పైగా వేచియుండవలసివచ్చెనట. మావాడు బోర్లపడి సుఖముగ ఊపిరి పీల్చుచుండెను. మిత్రుడు వెలికిల పడి ఉప్పునీరు మ్రింగుచు, దగ్గుచు అలసిపోయెను. కాని పడవ తమవైపు తిరుగుట మొదట చూచినదెవరు? మిత్రుడే. మావాని చూపు నీటి యడుగున నుండెను. మిత్రుడు ఈల యూది చేయెత్తగా పడవ వచ్చినది. అరుగుపై జరిగిన వాదమునకు మూలమిదియే. "గొట్టము లేనందున నీవలసితివి" అని ఒకడు, "గొట్టమున్నందున నీవు పడవను చూడవైతివి" అని వేఱొకడు. "తాతగారూ, మీరే చెప్పుడు" అని ఇరువురును నావైపు తిరిగిరి.

నేను చెప్పినదేమనగా, మీ యిరువురు పలికినదియు నిజమే. గొట్టము ఊపిరినిచ్చును, చూపునీయదు. ఆకాశమువైపు ముఖము చూపునిచ్చును. అలల నడుమ ఊపిరినీయదు. పైకి వచ్చినవానికి రెండును కావలయును. కావున గొట్టముతో ఈదువాడు కొన్ని ఊపిరులకొకతూరి తలయెత్తి నలుదిక్కులు చూడవలయును. వెలికిల నున్నవాడు నీరు ముంచుకొనివచ్చునప్పుడు బోర్లపడుటకు సాధనము కలిగియుండవలయును.

నీటిపై వేచియుండుట మాటకు చిన్నదేకాని ప్రాణములతో కూడినది. 1998 జనవరి 25వ తేదీన ఆస్ట్రేలియాకు ఈశాన్యముననున్న మహాప్రవాళభిత్తికవద్ద మునుగబోయిన దంపతులను ఎక్కించుకొనకయే వారి పడవ తీరమునకు మరలినది. వారు రాలేదన్న సంగతి రెండుదినములకుగాని బయటపడలేదు. ఎంత వెదకినను వారు దొరకలేదు. ఒక గొట్టముండినచో వారు బ్రతికియుందురని నేననను, అట్లనుట హేత్వాభాసము. మునుగువానికి ఆపద లోతుననే యుండునని తలచుట పొరపాటని చూపుటకే ఈ మాట యెత్తితిని. సిలిండరు గడియలలో ముగియును, సముద్రము ముగియదు.

ఆ దృష్టితో చూచినచో ప్రశ్నయే మాఱును. "ఎన్ని మునకలలో గొట్టము వాడితివి?" అని పూర్వపక్షి యడుగుచున్నాడు. పడవలోని నీరుతోడు చెంబు ఎన్నిమార్లు వాడితివని సరంగునడిగి, వాడలేదన్నచో పారవేయుమందుమా? కొన్ని వస్తువులకు విలువ వాడుకసంఖ్యవలన కలుగదు. అది లేనప్పుడు కలుగు కీడు ఎంతటిది, ఆ కీడు కలుగు తావు ఎట్టిది యనుదానివలన కలుగును. పూర్వపక్షి అనుభవము నిజమే. దానినుండి అతడు తీసిన ఫలితము మాత్రము నిలువదు.

ఇక సిద్ధాంతము. వ్యాకరణము చదివిన పిల్లలకు తెలియును: ఉకారసంధి నిత్యము, ఇకారసంధి కొన్నియెడల వైకల్పికము, మఱికొన్ని తావుల సంధియే లేదు. "సంధి మంచిదా, చెడ్డదా?" అని ఏ విద్యార్థియు నడుగడు, ఎచట నని యడుగును. గొట్టమును గూర్చియు అట్లే యడుగవలయును.

తీరమునుండి ఈదిపోయి మునుగువారికిని, ప్రవాహమును అలలును గల వెలిసముద్రమున మునుగువారికిని, విద్యయందు క్రొత్తవారికిని గొట్టము నిత్యము. విశాఖవద్ద ఋషికొండ తీరమున కెరటములు చూచినవారికి దీనిని విస్తరించి చెప్పనక్కఱలేదు. 1966లో అమెరికాయందు స్థాపింపబడిన పాడి యను బోధనసంస్థ, తన తొలి శిక్షణముననే నీటిపై రెగ్యులేటరునుండి గొట్టమునకును, గొట్టమునుండి రెగ్యులేటరునకును మాఱుట నేర్పుచున్నది. నేర్చునపుడు వాడి, పత్రము చేతికి రాగానే గొట్టమును పారవేయుట ఏఱు దాటి తెప్ప తగులబెట్టుటయే. ఈ యీతగాడు ఏఱు దాటుటయు గాదు. ప్రతిదినమును ఏటిలోనికే పోవుచున్నాడు.

అండమానులలోను లక్షదీవులలోను ప్రవాళభిత్తికల చాటున నీరు మడుగువలె నిశ్చలముగా నుండి, పడవ చేరువనే నిలిచియున్నచో గొట్టము వైకల్పికము. అట్టిచోట తలకు తగిలింపకున్నను తప్పులేదు. అయినను మెత్తగా చుట్టి సంచిలో నుంచుకొనదగిన గొట్టములు నేడు దొరకుచున్నవి. అడుగున నున్నప్పుడు అది తలకు తగులదు. పైకి వచ్చినప్పుడు చేతికందును. పూర్వపక్షి చెప్పిన దోషములలో తొలి రెండును దీనితో తీఱును.

నీటిగుహలలోను, మునిగిన యోడల లోపలను తలప్రక్కన గొట్టము నిషిద్ధము. అచట తలపైన కప్పున్నది. తిన్నగా పైకి వచ్చుటకు వీలులేదు. దారి చూపు త్రాటికి గొట్టము చిక్కుకొన్నచో ప్రాణాంతకము. గుహలలో మునుగువారు దానిని విడిచిపెట్టుట గర్వముచే గాదు, వివేకముచేతనే. కాని ఆ యపవాదమును వెలిసముద్రమునకు తెచ్చి, "గుహలో మునుగు ఘనులు వాడరు గనుక నేనును వాడను" అనుట అపవాదమును ఉత్సర్గము చేయుటయగును.

పూర్వపక్షపు మూడవ దోషము మిగిలినది: తత్తఱపాటులో ఒకదానికి బదులు మఱియొకటి నోటికి చేరుట. దీనికి అభ్యాసమే మందు. గొట్టము ఎడమనుండి వచ్చును. రెగ్యులేటరు కుడిభుజముపైనుండి వచ్చును. కనులు మూసికొని రెంటిని మార్చుకొనుట చేతికి అలవడువఱకు లోతులేని నీట అభ్యసింపవలయును. చేతికి రాని సాధనము చెంతనున్నను దూరమే.

గొట్టముతో ఊపిరి పీల్చుటయు నేర్వవలసినదే. అఱువదిమూడవయేట నేను ఈతకొలనున దానిని నోట బెట్టుకొని చూచితిని. మొదట తొందరతొందరగా పీల్చి, వెంటనే ఆయాసపడితిని. కారణము మా బాలుడు చెప్పినాడు. మనము ఒక్కొక్క ఊపిరికి సుమారు అరలీటరు గాలి తీసికొందుము. అందు 150 మిల్లీలీటర్లు గొంతునను శ్వాసనాళములలోను నిలిచిపోయి నిరుపయోగమగును. 35 సెంటీమీటర్ల పొడవును 2 సెంటీమీటర్ల వెడల్పును గల గొట్టమున మఱి 110 మిల్లీలీటర్లు నిలుచును. విడిచిన గాలినే మరల పీల్చినట్లగును. చిన్న ఊపిరులు తీసినచో క్రొత్తగాలి లోనికి చేరదు. నిదానముగా, నిండుగా పీల్చి విడువవలయును. చిన్ననాట సంధ్యావందనమున నేర్చిన ప్రాణాయామము నాకపుడు అక్కఱకు వచ్చినది. ఈ కారణముననే, ఇదివఱకే రొప్పుచున్నవానికి గొట్టము విశ్రాంతినీయదు. అట్టివాడు చొక్కాను గాలితో నింపి, వెలికిల పడి, ముందు ఆయాసము తీర్చుకొనవలయును.

ఇందువలన క్రమమును గూడ చెప్పవలసియున్నది. పైకి వచ్చి ఆపదలో పడినవాడు మొదట చొక్కాను నింపుకొనవలయును. అది చాలనిచో నడుమునకు కట్టుకొన్న సీసపు బరువులను విడిచిపెట్టవలయును. మరణించిన మునుగువారిని వెలికితీసినపుడు పలువురి నడుముల ఆ బరువులు కట్టినవి కట్టినట్లే యుండుట విచారణలలో మాటిమాటికి కనబడినది. వెలగలిగిన వస్తువని సందేహించిరో, మఱచిరో, ఒక్క ముడి విప్పనందున ప్రాణములు పోయినవి. తేలుట మొదటిది, ఊపిరి రెండవది, కనబడుట మూడవది. మూడవదానికై ఈలయు, పొడవుగా నిలుచు రంగుల గాలితిత్తియు వలయును. గొట్టము రెండవదానికి సహాయము. మొదటిదానికిని మూడవదానికిని బదులు గాదు.

చివరకొక్కమాట. అరుగుపై ఆ మిత్రుడు వాదము ముగియువేళ నిజమైన కారణము బయటపెట్టినాడు. గొట్టము తగిలించుకొన్నవానిని చూచి తోడివారు, "క్రొత్తవాడు" అని నవ్వుదురట! శాస్త్రమున నేను చదివిన హేత్వాభాసములలో ఇది లేదుకాని, లోకమున దీనికున్నంత బలము వేఱొకదానికి లేదు. గురువు చెప్పెనని తలకు కట్టుకొనుటయు, మిత్రులు నవ్విరని తీసివేయుటయు రెండును విచారణ లేని పనులే. నేటి నీరెట్టిది, ఒడ్డెంత దూరము, పడవ యెచటనున్నది, తలపైన కప్పున్నదా యని ప్రతి మునకకు ముందును నాలుగు ప్రశ్నలు వేసికొని, ఆ సమాధానమునుబట్టి గొట్టమును తలకో సంచికో చేర్పవలయును. తలపైన కప్పున్నచోట మాత్రము పడవలోనే విడువవలయును. నా దౌహిత్రుడు అట్లే చేయుచున్నాడు. మిత్రుడు సంచిలోనిది కొన్నాడని విన్నాను.

నాకిచ్చిన కాలము ముగిసినది. సముద్రతీరముల నున్న మన పిల్లలు ఈ విద్య నేర్వబోవునపుడు పెద్దలు వలదని వెఱపింపక, ఈ నాలుగు ప్రశ్నలు వారిచేత వల్లె వేయింపుదురుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.